కడుపెవరిది? లెక్కెవరిది?

కడుపులో పిండం ఎప్పుడు వేరే మనిషవుతుంది? కోర్టుల్లో, డాక్టర్లలో, మతపెద్దల్లో ఈ వాదన నడుస్తూనే ఉంది. మోసే ఆడమనిషిని మాత్రం అడిగేవాళ్లు లేరు.

భ్రూణహత్య మహాపాపమని మనకు నీతులు చెప్పేవాళ్ల శాస్త్రం ముందు చూద్దాం. ఆడో మగో తెలియని గర్భాన్ని చంపితే బ్రహ్మహత్యకు చేసే ప్రాయశ్చిత్తమే చెయ్యాలంటుంది మనుస్మృతి పదకొండో అధ్యాయం. శూద్రుణ్ణి చంపితే అందులో పదహారో వంతు చాలట! పిల్లిని, కప్పను, కాకిని చంపినా శూద్రుణ్ణి చంపినంత ప్రాయశ్చిత్తమేనట! శూద్రుడికే ఈ లెక్కయితే వర్ణాల బయటికి నెట్టిన మన లెక్కెంత? కళ్లముందు తిరిగే మనిషికి లేని విలువ కంటికి కనపడని పిండానికి కట్టారు. అదీ మగబిడ్డ కావొచ్చన్న ఆశతోనే.

మన మాట సూటిగా చెప్పుకుందాం. పిండానికి ప్రాణముంది, కాదనం. కానీ తల్లి ఊపిరే దాని ఊపిరైనంతకాలం అది వేరే మనిషి కాదు. బొడ్డు కోశాక, తన ఊపిరి తాను పీల్చినప్పుడే బిడ్డ వేరవుతుంది. ఈ సంగతి మన మంత్రసానులకు ఏ కోర్టూ చెప్పక్కర్లేదు. నెలలు నిండేకొద్దీ బాధ్యత పెరుగుతుంది, నిజమే. 24 వారాల దగ్గర్నుంచి, పెద్దాసుపత్రి సాయముంటే, బిడ్డ బయట బతికే అవకాశముంటుంది. మరి అంతదాకా ఆలస్యం ఎందుకవుతోంది?

1971 చట్టాన్ని 2021లో సవరించారు. 20 వారాల దాకా ఒక డాక్టరు, ఆపైన 24 దాకా, అదీ కొందరికే, ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాలి. ఆ వెసులుబాటు పెళ్లికానివాళ్లకూ ఉందని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో 26 వారాలు దాటిన ఒక తల్లికి మాత్రం కాదంది. 18 ఏళ్లు నిండినామెకు తన ఒప్పుదల చాలని చట్టంలోనే ఉంది. అయినా మొగుడి సంతకం తెమ్మంటారు. కూలి పోగొట్టుకుని రెండుసార్లు తిరిగేసరికి వారాలు దాటిపోతాయి. ఉన్నోళ్లకు నర్సింగ్ హోం, లేనోళ్లకు నాటుమందు!

ఇంకో సంగతి. దొర కొడుకు కడుపు చేసి, పంచాయితీలో నాలుగు నోట్లు పడేసి తీయించుకోమంటే అది హక్కు కాదు. స్కానింగులో ఆడపిల్లని తెలుసుకుని అత్తింటోళ్లు తీయిస్తే అదీ హక్కు కాదు. ఆ పరీక్షను 1994 చట్టం నేరమంది. ఉంచుకోమన్నా తీయించుకోమన్నా, నిర్ణయం ఇంకొకరిదైతే అది వెట్టే.

1938 నవంబరు 10న బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ తీర్మానానికి అంబేడ్కర్ రాసిన ప్రసంగాన్ని రోహమ్ వినిపించారు. కనడం, కనకపోవడం పూర్తిగా స్త్రీ ఇష్టమే కావాలన్నది దాని సారం. అనుకూలంగా 11 ఓట్లు, వ్యతిరేకంగా 52. అది గర్భం రాకుండా చూసుకునే హక్కు గురించి. వచ్చిన గర్భానికైనా సూత్రం అదే.

పిండం ఎప్పుడు మనిషవుతుందో తర్వాత తేల్చుకోవచ్చు. మోసే తల్లిని ముందు మనిషిగా లెక్కగట్టండి!