కౌంటరు వెనక ఒక స్టూలు వేయండి

చీరల దుకాణంలో కుర్చీలు లేవని ఎవరూ అనలేరు. చీర ఎంచుకునే ఆడవాళ్లకు కౌంటరు ముందు వరసగా కుర్చీలుంటాయి. వాళ్ల వెంట వచ్చి విసిగిపోయిన మగవాళ్లకు మెట్ల పక్కన సోఫా ఉంటుంది. బిల్లు కొట్టే అబ్బాయికి తిరిగే కుర్చీ, గల్లాపెట్టె దగ్గర యజమానికి మెత్తటి సీటు, గుమ్మం దగ్గర వాచ్‌మన్‌కు సైతం ఓ ప్లాస్టిక్ కుర్చీ. పొద్దుట్నుంచి చీర మీద చీర విప్పి, చూపించి, మళ్లీ మడతపెట్టి అరలో సర్దే అమ్మాయికి మాత్రం కౌంటరు వెనక ఏమీ ఉండదు.

ఈ కరపత్రం అడిగేది ఆ అమ్మాయికి ఒక స్టూలు.

తీరిక లేని రోజుల్లో ఆరోగ్యంగా బతకడమెలాగో చెప్పే సలహాలకు కొదవ లేదు. నీళ్లు బాగా తాగమంటారు. వేళకు తినమంటారు. గంటకోసారి కాస్త విరామం తీసుకోమంటారు. అన్నీ మంచి మాటలే. కాకపోతే అవన్నీ తమ వేళలు తమ చేతిలో ఉన్నవాళ్ల కోసం రాసినవి. నీళ్లు తాగితే బాత్రూముకు వెళ్లాలి, వెళ్తే కౌంటరు ఖాళీ అవుతుంది, ఖాళీ అయితే ఫ్లోర్ ఇన్‌ఛార్జి కేకేస్తాడు. ఇంత లెక్క వేసుకుని గుక్కెడు నీళ్లు మానుకునే మనిషికి ఆ సలహాలు ఎందుకు పనికొస్తాయి? విజయవాడ వస్త్రలతలో, రాజమండ్రి తాడితోటలో, సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు పొడుగునా ఉన్న అంతస్తుల దుకాణాల్లో ఇలా లెక్కలు వేసుకుంటూ నిలబడేవాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలే.

‘సీజన్ నాలుగు రోజులేగా, ఓర్చుకుంటే పోయే’ అంటారు దుకాణదారులు. పంచాంగం తిరగేస్తే ఆ నాలుగు రోజులు ఎంత పొడుగో తెలుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు లేవు గనక డిస్కౌంట్ సేల్. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, దాని వెనకే ముహూర్తాలు. భాద్రపదంలో తెరిపి దొరుకుతుందనుకుంటే తెలంగాణలో బతుకమ్మ కొనుగోళ్లు మొదలు. ఆ తర్వాత దసరా, దీపావళి, కార్తీకంలో పెళ్లిళ్లు, క్రిస్మస్, సంక్రాంతి. మాఘం నుంచి మళ్లీ బాజాలు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టుపక్కల దుకాణాలు తెల్లవారుజాము దాకా తెరిచే ఉంటాయి. మూఢం పడితే గానీ అమ్మే మనిషికి ఊపిరాడదు. అప్పుడు కూడా స్టాకు లెక్కలుంటాయి.

నిజానికి బట్టల దుకాణంలో నిలబడి అమ్మడం మన పాత అలవాటు కాదు. ఒక తరం ముందు దుకాణాలు గుర్తున్నవాళ్లను అడగండి. గద్దె మీద తెల్లటి దుప్పటి పరిచిన పరుపు, దాని మీద బాసింపట్టు వేసుకుని గుమాస్తా, ఎదురుగా చెప్పులు విడిచి కూర్చున్న కుటుంబం. తాను పరిచిన చీరల గుట్టల మధ్యే కూర్చుని బేరమాడిన ఆ గుమాస్తాను మర్యాద తెలియనివాడని ఎవరూ అనలేదు. గాజు షోకేసులు, ఏసీ, యూనిఫాం వచ్చాయి. వాటితోపాటే అమ్మే మనిషి నిలబడి తీరాలన్న రూలు కూడా ఎక్కడినుంచో వచ్చి కూర్చుంది. ఆ రూలు ఒక్కటే కూర్చుంది పాపం.

నిలబడటం వల్ల ఒంటికి జరిగేది దాచితే దాగేది కాదు. కాళ్లలోకి దిగిన రక్తాన్ని మళ్లీ గుండె వైపు నెట్టే పని పిక్క కండరాలది. నడిస్తే ఆ కండరాలు బిగిసి, వదులై రక్తాన్ని పైకి తోస్తాయి. కదలకుండా ఒకే చోట నిలబడితే రక్తం కింది సిరల్లోనే ఆగుతుంది. సిరల్లోని కవాటాలు ఏళ్ల తరబడి ఆ బరువు మోసి మోసి సడలిపోతాయి. అప్పుడే పిక్కల మీద నీలం తాళ్లలా సిరలు ఉబ్బుతాయి. వీటినే వేరికోస్ వెయిన్స్ అంటారు. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు, నడుం పట్టేస్తుంది, మడమలో సూది పొడిచినట్టుంటుంది. డెన్మార్క్‌లో పనిచేసే జనాన్ని 12 ఏళ్లపాటు గమనించిన ఒక అధ్యయనం 2005లో అచ్చయింది. రోజులో ఎక్కువ భాగం కాళ్ల మీదే పనిచేసేవాళ్లకు ఈ సిరల జబ్బుతో ఆసుపత్రిలో చేరాల్సిన ముప్పు మిగతావాళ్లకంటే బాగా ఎక్కువని, ఆడా మగా ఇద్దరిలోనూ అదే వరసని తేల్చింది. నీళ్లు మానేసి, మూత్రం బిగబట్టడం వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లు దీనికి అదనం. నెలసరి రోజుల్లో, కడుపుతో ఉన్న నెలల్లో ఆ నిలబడటం ఎలా ఉంటుందో ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మగవాళ్లు తమ ఇంట్లో అడిగి తెలుసుకోవచ్చు.

దీన్ని సహించనన్న మొదటి గట్టి గొంతు మనకు దగ్గర్లోనే వినిపించింది. కేరళలోని కోజికోడ్‌లో మిఠాయి తెరువు అని పేరున్న బజారు ఉంది. అక్కడ కుట్టుపని చేసుకునే పి. విజి 2010 ప్రాంతంలో తోటి ఆడవాళ్లతో కలిసి ‘పెణ్‌కూట్టు’ అనే బృందం పెట్టారు. మొదట వాళ్లు అడిగింది కుర్చీ కూడా కాదు, మరుగుదొడ్డి. బజారు దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లకు అదీ లేదు మరి. ఆ తర్వాత కూర్చునే హక్కు కోసం పోరాటం మొదలైంది. 2014 చివర్లో త్రిశ్శూర్‌లోని ఒక పెద్ద చీరల దుకాణం ముందు కొద్దిమంది ఉద్యోగినులు ‘ఇరిక్కల్ సమరం’ మొదలుపెట్టారు. కూర్చునే సమరం అని దాని అర్థం. దుకాణంలో కూర్చోనివ్వలేదు గనక వీధిలో కూర్చున్నారు. అది మూడు నెలలకు పైగా సాగింది. దేశంలో పెద్ద కార్మిక సంఘాలకు కూడా అప్పటిదాకా తట్టని సంగతి అది.

2018లో కేరళ ప్రభుత్వం దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టాన్ని సవరించి, ఉద్యోగులకు కూర్చునే ఏర్పాటు యజమాని బాధ్యత అని అందులో చేర్చింది. ఆ ఏడాదే బీబీసీ ‘వంద మంది మహిళలు’ జాబితాలో విజి పేరు కనిపించింది. మూడేళ్లకు తమిళనాడు అదే దారి పట్టింది. 2021 సెప్టెంబరులో అక్కడి శాసనసభ దుకాణాల చట్టానికి 22-ఎ సెక్షన్ జోడించింది. పని మధ్యలో దొరికే ఏ వెసులుబాటులోనైనా కూర్చునేలా ప్రతి దుకాణంలో ప్రతి ఉద్యోగికీ తగిన ఆసనం ఉండాలన్నది దాని సారం. చెన్నై టీ నగర్ రంగనాథన్ వీధి దుకాణాల్లో పనిచేసే పిల్లల బతుకు మీద వసంతబాలన్ 2010లో తీసిన ‘అంగాడి తెరు’ను మనవాళ్లు ‘షాపింగ్ మాల్’ పేరుతో తెలుగులో చూశారు, కళ్లు తుడుచుకున్నారు. ఆ సినిమా పుట్టిన రాష్ట్రంలో చట్టం వచ్చింది.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బ్రిటన్ 1899లోనే చట్టం చేసింది: దుకాణంలో పనిచేసే ప్రతి ముగ్గురు ఆడవాళ్లకు కనీసం ఒక సీటు ఉండాలని. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షన్ నిలబడి పనిచేసే కార్మికులకు, వీలు దొరికినప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. అంటే మిల్లులో బట్ట నేసే కార్మికుడి కాళ్ల గురించి చట్టం ఆలోచించి డెబ్బై అయిదేళ్లు దాటింది. తెలుగు రాష్ట్రాల్లో అదే బట్టను అమ్మే అమ్మాయి కాళ్లు ఇంకా లెక్కలోకి రాలేదు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కేంద్ర కార్మిక కోడ్‌లలో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ నిలబడి పనిచేసేవాళ్లకు సీట్ల ప్రస్తావన ఉంది. సంతోషమే. అయితే అది ప్రధానంగా పదిమందీ అంతకు మించీ పనిచేసే చోట్లకు వర్తిస్తుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు సందుల్లో, ఏ మండల కేంద్రంలోనైనా బస్టాండు ఎదుట ముగ్గురు నలుగురితో నడిచే దుకాణాలు దాని చూపుకు ఆనవు. వాటిని చూసుకోవాల్సింది రాష్ట్రాల దుకాణాల చట్టమే. ఆంధ్రప్రదేశ్‌కూ తెలంగాణకూ ఆ చట్టం మూలం ఒక్కటే, 1988లో ఉమ్మడి రాష్ట్రం చేసుకున్నది. 2025లో ఆంధ్రప్రదేశ్ దాన్ని సవరించింది. ఎందుకనుకున్నారు? రోజువారీ పనిగంటల హద్దును పదికి పెంచడానికి. తెలంగాణ కూడా అదే ఏడాది జులైలో దుకాణాలను మినహాయించి మిగతా వాణిజ్య సంస్థలకు రోజుకు పది గంటల పనికి అనుమతించింది. నిలబడే గంటలు పెంచడానికి చట్టం తెరిచిన చేతులు, కూర్చునే హక్కును రాయడానికి ఇంకో అరపేజీ తిప్పలేవా?

యజమానుల అభ్యంతరాలు మూడు. మొదటిది మర్యాద: కస్టమరు వస్తే కూర్చుని పలకరిస్తే ఏం బాగుంటుంది? కస్టమరు వచ్చినప్పుడు లేవొద్దని ఎవరూ అనడం లేదు. మధ్యాహ్నం రెండింటికి దుకాణంలో ఈగలు తోలే వేళ కూడా నిలబడే ఉండాలన్నదే పేచీ. అయినా యూరప్ సూపర్‌మార్కెట్లలో బిల్లు వేసే మనిషి కూర్చునే బిల్లు వేస్తుంది. కొనేవాళ్లకు దానివల్ల మర్యాద తగ్గినట్టు అనిపించలేదు. మూడు వేల రూపాయల చీరకు నాలుగు డ్రింకులు తెప్పించే మన దుకాణదారు మర్యాద ఒక స్టూలుతో కరిగిపోయేంత పల్చనిదా?

రెండోది స్థలం. కౌంటరు కిందికి తోసేసే మడత స్టూలుకు ఎంత స్థలం కావాలో కొలిచి చూసుకోవచ్చు. మూడోది ఖర్చు. దీపావళికి దుకాణం ముందు వేసే లైట్ల బిల్లు పక్కన పెడితే ఆ మాట ఎవరూ రెండోసారి అనరు.

ఒక్క సంగతి మాత్రం ఒప్పుకోవాలి. చట్టం రాసినంత మాత్రాన ఎవరూ కూర్చోరు. కుర్చీ తెచ్చి మూల వేసి, అందులో కూర్చున్నవాళ్ల వైపు సూపర్‌వైజరు గుడ్లురిమే దుకాణాలు తమ దగ్గర ఇంకా ఉన్నాయని కేరళ ఉద్యోగినులే చెబుతున్నారు. అందుకే మన రెండు రాష్ట్రాల సవరణలో ‘కుర్చీ ఉండాలి’ అన్న మాటతో ఆగకుండా, కూర్చున్నందుకు జీతం కోయడం, పనిలోంచి తీసేయడం నేరమని కూడా రాయాలి. ఇద్దరికో ముగ్గురికో ఒక సీటు అని సంఖ్య తేల్చాలి. ఆడవాళ్లకు విడిగా, నీళ్లొచ్చే మరుగుదొడ్డి దుకాణంలోనో దగ్గర్లోనో ఉంటే తప్ప లైసెన్సు రెన్యువల్ చేయకూడదు. కార్మిక శాఖ అధికారులు తనిఖీకి శ్రావణంలో, దసరా ముందు వారంలో, సంక్రాంతి ముందు రావాలి. మూఢంలో వచ్చి కుర్చీలు ఖాళీగా ఉన్నాయని రాసుకుని వెళ్తే లాభం లేదు. పండగ సీజన్లో అన్నం తినే వేళను వంతులవారీగా పెట్టి, ఆ అరగంట ఎవరూ పిలవకుండా చూసే బాధ్యత ఫ్లోర్ ఇన్‌ఛార్జిదని ఉద్యోగ నియమాల్లోనే ఉండాలి.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. బట్టల వర్తకుల సంఘాలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. గుమాస్తాలకు వారపు సెలవు ఏ రోజని ఊరంతా కలిసి తీర్మానించుకున్న సంఘాలే అవి. స్టూలు గురించి ఒక తీర్మానం చేయడం వాటికి పెద్ద పని కాదు. ఒక దుకాణం చేస్తే పక్కదుకాణం చూసి నవ్వుతుందేమో, బజారంతా చేస్తే నవ్వేవాడే మిగలడు.

ఇక కొనేవాళ్లు. ఈ శ్రావణంలో చీరకు వెళ్లినప్పుడు మీకు కుర్చీ వేస్తారు, కూర్చోండి. కూర్చున్నాక, ‘నువ్వు కూడా కూర్చుని చూపించమ్మా, మాకేం తొందర లేదు’ అని ఆ అమ్మాయితో అనండి, ఫ్లోర్ ఇన్‌ఛార్జికి వినపడేలా అనండి. స్టూలు లేదంటే, బిల్లు కట్టేటప్పుడు ఎందుకు లేదని యజమానిని అడగండి.