ఇండెంటులో లేని క్రీము

1889-90 చలికాలం. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి. ఆపరేషన్ థియేటర్ నర్సు కరొలైన్ హ్యాంప్టన్ చేతులు క్రిమిసంహారక పాదరస ద్రావణానికి పొక్కిపోయాయి. సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో ఆమెకు పల్చటి గ్లౌజులు చేయించాడు. వాటివల్ల రోగులకు చీము పట్టడం తగ్గుతుందని తేలింది ఆ తర్వాతే. అంటే ఆపరేషన్ గదిలోకి ఆ గ్లౌజు అడుగుపెట్టిందే ఒక నర్సు చర్మం కోసం. మన ఆస్పత్రులకు ఆ సంగతి గుర్తున్నట్టు లేదు.

ఐసీయూలో డ్యూటీ దిగుతున్న సిస్టర్ చేతులు ఒకసారి చూడండి. వేళ్ల సందుల్లో ఎర్రదనం, కణుపుల మీద సన్నటి పగుళ్లు. ఉంగరం కింద సబ్బునీళ్లు నిలిచి దురద. ఇంటికెళ్లి చింతపండు పిసికితే ప్రాణం జివ్వుమంటుంది.

రోగిని ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక, ఇలా చేతులు శుభ్రం చేసుకోవాల్సిన 5 సందర్భాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లో చెప్పింది. ఆ లెక్కన ఒక్క షిఫ్టులో ఎన్నిసార్లవుతుందో వార్డులో నిలబడితేనే తెలుస్తుంది. మాటిమాటికీ సబ్బు పెడితే చర్మంలోని సహజమైన జిడ్డు పోతుంది. వేడినీళ్లయితే మరీను. నిజానికి స్పిరిట్‌తో చేసిన హ్యాండ్ రబ్ (శానిటైజర్) అంత చేటు చెయ్యదు. ఆ సంస్థ చెప్పిన ఫార్ములాలో 1.45 శాతం గ్లిసరిన్ ఉన్నది చర్మం కోసమే. కానీ పగిలిన చేతిమీద స్పిరిట్ పడితే మంట. దాంతో తప్పంతా రబ్‌దే అనుకుని చాలామంది మళ్లీ సబ్బు దగ్గరికే వెళ్తారు. పుండు ఇంకాస్త పెరుగుతుంది. కంటికి మురికి కనిపించినప్పుడు సబ్బు తప్పదు, మిగతా వేళల్లో చాలావరకు రబ్ చాలు.

ఇది నర్సుల సొంత గోడు మాత్రమే కాదు. దెబ్బతిన్న చర్మంపై స్టాఫిలోకాకస్ లాంటి క్రిములు తిష్ఠ వేస్తాయి. మండుతుందన్న భయంతో చేతులు కడగడమూ తగ్గుతుంది. అందుకే అవసరమైన చోట సిబ్బందికి లోషన్, క్రీము ఇవ్వాలని అదే మార్గదర్శకాలు చెబుతున్నాయి. కొబ్బరినూనె ఉందిగా అంటారేమో. అది రాసుకుని లేటెక్స్ గ్లౌజు తొడిగితే రబ్బరు పాడవుతుంది. డ్యూటీ అయ్యాక ఇంట్లో రాసుకుంటే ఇబ్బంది లేదు.

శానిటైజర్ సీసాలకు, గ్లౌజు పెట్టెలకు వార్డు నుంచి స్టోర్సుకు నెలనెలా ఇండెంటు వెళ్తుంది. క్రీము ట్యూబు మాత్రం చాలాచోట్ల సిస్టర్ హ్యాండ్‌బ్యాగులోంచే వస్తోంది, ఆమె జీతం డబ్బుతో.