వెండితెర వెనుక బ్యూరెట్



సినిమా అంటే ఇష్టం లేనివాళ్లు మనలో ఎవరున్నారు? చింతమడకలో బడికి వెళ్లే ఏ పిల్లవాణ్ని అడిగినా హీరో పేరు, డైరెక్టర్ పేరు, పాట పాడినవారి పేరు గడగడా చెబుతాడు. అయితే సినిమాలు ఫిల్మ్ మీద తీసిన రోజుల్లో, ఆ హీరో ముఖం తెర మీద నల్లబడకుండా, పాలిపోకుండా కాపాడిన కెమిస్టు ఒకరు ఉండేవారు. ఆ మనిషి పేరు ఎవరికీ తెలియదు. పీజీలో కెమిస్ట్రీ చదువుతున్న మేము ఈ సంచికలో ఆయన పని గురించి రాయదలచుకున్నాం. ఎందుకంటే ఆ పని మన చదువులో ఉన్న ఒక పెద్ద లోటును ఎత్తి చూపుతున్నది. కెమిస్ట్రీ చేతితో నేర్చుకోవలసిన విద్య. ఆ చేతిపని మన పిల్లలకు అందడం లేదు. ఇదే మా అభిప్రాయం.

ముందుగా ఆ పని ఏమిటో తెలుసుకుందాం. నలుపు-తెలుపు ఫిల్మ్ మీద జెలటిన్ పొరలో సిల్వర్ బ్రోమైడ్ వంటి వెండి లవణాల సన్నని రేణువులు ఉంటాయి. వెలుతురు తగిలిన రేణువులను డెవలపర్ అనే ద్రావణం నల్లని వెండిగా మారుస్తుంది. వెలుతురు తగలని రేణువులను ఫిక్సర్ కరిగించి తీసేస్తుంది. ఆ ఫిక్సర్‌లో ఉండేదే మనం ప్రాక్టికల్స్‌లో వినే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. తరువాత ఫిల్మ్‌ను నీటితో బాగా కడిగి ఆరబెడతారు. 35 ఎంఎం ఫిల్మ్ సెకనుకు 24 బొమ్మల చొప్పున, నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా అంటే 13,500 అడుగులు. షూటింగు నాడు కెమెరాలో తిరిగిన నెగటివ్ ఒక్కటే ఉంటుంది. అది పాడైతే ఆ రోజు నటించిన నటన, మోసిన లైట్లు, పెట్టిన ఖర్చు అన్నీ నీళ్లపాలే.

మరి ద్రావణం ఎందుకు పాడవుతుంది? డి-76 అనే ప్రసిద్ధ డెవలపర్‌ను చూడండి. 1920లలో సినిమా ఫిల్మ్ కోసమే దీనిని తయారుచేశారు. లీటరు ద్రావణంలో మెటాల్ 2 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు ఉంటాయి. మెటాల్, హైడ్రోక్వినోన్ అసలు పని చేస్తాయి. ముఖ్యంగా వాటిని గాలికి చెడిపోకుండా కాపాడేది సల్ఫైట్. క్షారగుణం నిలిపేది బోరాక్స్. ఫిల్మ్ నడిచినకొద్దీ మొదటి రెండూ తరుగుతాయి, గాలి సల్ఫైట్‌ను తినేస్తుంది. ఫిల్మ్‌లోని బ్రోమైడ్ మాత్రం ద్రావణంలోకి వచ్చి పేరుకుంటుంది. బ్రోమైడ్ పెరిగితే డెవలపింగు మందగిస్తుంది. అందుకే పొద్దున కడిగిన రీలుకు, సాయంత్రం కడిగిన రీలుకు పొంతన ఉండదు. తరిగినదాన్ని పూరించడానికి కొత్త ద్రావణం కలపాలి. ఎంత కలపాలో కళ్లతో చూసి చెప్పలేం, కొలిచి చెప్పాలి.

ఆ కొలతలు వింటే కెమిస్ట్రీ విద్యార్థులకు నవ్వు వస్తుంది. అవి మన ల్యాబులో ఉన్నవే! సల్ఫైట్ ఎంత ఉందో తెలియాలంటే తెలిసినంత అయోడిన్‌ను ఎక్కువగా కలిపి, మిగిలిన అయోడిన్‌ను స్టార్చ్ సూచికగా హైపోతో టైట్రేట్ చేయాలి. నీలిరంగు పోయిన చోట రీడింగు. బ్రోమైడ్‌ను సిల్వర్ నైట్రేట్‌తో టైట్రేట్ చేస్తారు. ఫిక్సర్‌లో హైపో, సల్ఫైట్ రెండూ ఉంటాయి, రెండూ అయోడిన్‌తో చర్య జరుపుతాయి. అలాంటప్పుడు కొంచెం ఫార్మాల్డిహైడ్ కలిపితే అది సల్ఫైట్‌ను కట్టిపడేస్తుంది. హైపో ఒక్కటే లెక్కకు వస్తుంది. పీహెచ్ మీటరు, హైడ్రోమీటరు ఎలాగూ ఉంటాయి. కలర్ ఫిల్మ్ వచ్చాక ఈ పని ఇంకా సున్నితమైంది. కలర్ నెగటివ్ డెవలపర్ 41.1 డిగ్రీల దగ్గర, పదోవంతు డిగ్రీ తేడా కూడా దాటకుండా, 3 నిమిషాలు పనిచేయాలి. అక్కడ పొరపాటు జరిగితే చీర రంగు మారిపోతుంది, మనిషి ఒంటి రంగు మారిపోతుంది.

తెలుగు సినిమాకు ఇది చిన్న విషయం కాదు. ఏలూరు దగ్గరి రైతు కుటుంబంలో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ 1976లో మద్రాసులో ప్రసాద్ ఫిల్మ్ ల్యాబొరేటరీస్ స్థాపించారు. తరువాత హైదరాబాద్‌లోనూ ల్యాబులు వచ్చాయి. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ ఛాయాగ్రహణానికి ఇచ్చే అవార్డును చాలా ఏళ్లపాటు కెమెరామన్‌తో పాటు ఫిల్మ్ కడిగిన ల్యాబొరేటరీకి కూడా ఇచ్చేవారు. బొమ్మ బాగుండటంలో ద్రావణం పాలు కూడా ఉందని దేశం ఒప్పుకున్నట్టే కదా! మన ప్రాంతం సంగతే చూడండి. పాత మెదక్ జిల్లాలోని మంగళపర్తిలో తీసిన 'మా భూమి' ఉంది. అది నలుపు-తెలుపు సినిమా. దాని నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావు గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్ బిడ్డ. ఆయన దర్శకత్వం వహించిన 'దాసి' (1988) ఉత్తమ ఛాయాగ్రహణంతో సహా అయిదు జాతీయ అవార్డులు పొందింది. గడీల కింద నలిగిన మన తాతముత్తాతల బతుకు ఆ ఫిల్మ్ మీద నిలిచింది. ఏదో ఒక ల్యాబులో ఏదో ఒక చేయి ఆ ఫిల్మ్‌ను శ్రద్ధగా కడిగింది కాబట్టే నిలిచింది.

ఇప్పుడు మన సంగతి మాట్లాడుకుందాం. ఇంటర్‌లో కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కు 30 మార్కులు. 28, 29 రానివాళ్లు తక్కువ. కానీ బ్యూరెట్ స్టాప్‌కాక్‌ను ఎడమచేత్తో తిప్పుతూ, కుడిచేత్తో ఫ్లాస్కు ఊపుతూ చివరి చుక్క దగ్గర ఆపగలిగినవారు ఎంతమంది? రికార్డు మాత్రం అందరిదీ ఒకేలా ఉంటుంది. బోర్డు మీద రీడింగు రాసి అందరినీ అదే ఎక్కించుకోమనడం చాలా చోట్ల చూశాం. 14.2, 14.2, 14.2 అని మూడుసార్లు చక్కగా రాసి ఉంటుంది, బ్యూరెట్ మీద దుమ్ము కూడా చెదరదు. డబ్బున్న ఇంటి పిల్లలు దీన్ని తరువాత కోచింగులోనో, పెద్ద కాలేజీలోనో పూడ్చుకుంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ మెట్టెక్కిన మనలాంటివాళ్లకు అలా పూడ్చిపెట్టేవారు ఎవరున్నారు? మన అమ్మానాన్నలు పొలంలో, కూలిలో చేతిపని నేర్చినవాళ్లు. నాటు వేయడంలో, మోటు పనిలో వారి చేయి తప్పదు. వారి బిడ్డలమైన మనకు చదువులోకి వచ్చేసరికి చేతిపనినే దూరం చేయడం ఎంత అన్యాయం! పటాన్‌చెరు, బొల్లారం వైపు మందుల కంపెనీల ఇంటర్వ్యూల్లో అడిగేది కూడా ఇదే, 'చేసి చూపించు' అని.

"ఫిల్మే పోయింది, ఇంకా ఈ ద్రావణాల గొడవ ఎందుకు?" అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కొడాక్ 2012లో దివాలా పిటిషన్ వేసింది. ఫ్యూజీ 2013లో షూటింగు ఫిల్మ్ తయారీ ఆపేసింది. మన దగ్గరా సినిమాలు డిజిటల్‌కు మారిపోయాయి. కానీ పాత ఫిల్మ్‌లు మిగిలే ఉన్నాయి. సరిగా కడగక హైపో మిగిలిపోయిన ఫిల్మ్ మీద కాలక్రమంలో బొమ్మ పసుపెక్కి వెలిసిపోతుంది. ఎసిటేట్ ఫిల్మ్ చెడిపోతే సిర్కా వాసన వస్తుంది, అది ఎసిటిక్ ఆమ్లం. ఎంత చెడిపోయిందో చెప్పడానికి రంగు మారే సూచిక కాగితాలు ఉన్నాయి. 2019 డిసెంబరులో హైదరాబాద్ అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఫిల్మ్ పరిరక్షణ మీద వర్క్‌షాపు జరిగింది. అంటే ఆ విద్య అవసరం పూర్తిగా తీరిపోలేదు.

అంతకంటే ముఖ్యమైన జవాబు మన హాస్టల్ వంటగదిలోనే ఉంది. మెస్సులో వాడే ఉప్పులో అయోడిన్ ఉందా? మనదాకా వచ్చే ఉప్పులో కనీసం 15 పీపీఎం, అంటే కిలోకు 15 మిల్లీగ్రాములు ఉండాలని నిబంధన. దాన్ని కొలిచేది కూడా హైపో టైట్రేషన్‌తోనే. ఉప్పునీటిలో కొంచెం ఆమ్లం, పొటాషియం అయోడైడ్ కలిపితే అయోడిన్ బయటపడుతుంది. ఆపైన స్టార్చ్, హైపో, నీలిరంగు పోయేదాకా చుక్కలు. నీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడర్ నిల్వ ఉన్నకొద్దీ బలం తగ్గుతుంది. అందులో క్లోరిన్ ఎంత మిగిలిందో చెప్పేది కూడా హైపోనే. నాడు హీరో ముఖాన్ని కాపాడిన లెక్కే నేడు మన ప్లేటునూ, గ్లాసునూ కాపాడగలదు. లెక్క రాని చోట మనకు ఏది వడ్డిస్తే అదే తినాలి. లెక్క వచ్చిన పిల్లవాడు కాగితం మీద అంకె చూపించి అడగగలడు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫిల్మ్ ల్యాబుల్లో కలర్ డెవలపర్లు తగిలి చేతులకు చర్మవ్యాధులు వచ్చేవి. వాడిన ఫిక్సర్‌ను మోరీలో పోస్తే అందులో కరిగిన వెండి పోవడమే కాక నీళ్లకూ చేటు. అందుకే కరెంటు పంపి ఆ వెండిని తిరిగి రాబట్టేవారు. చేతిపని అంటే గ్లవ్స్, కళ్లద్దాలు, పారబోసే పద్ధతి కూడా నేర్చుకోవడమే. మన పిల్లలు ఏదో ఒక కంపెనీలో చేరాక ఆ గ్లవ్స్ అడిగి తీసుకునే ధైర్యం ఇక్కడే రావాలి.

కాబట్టి ఈ వార్షికోత్సవం సందర్భంగా మూడు మాటలు మనవి చేస్తున్నాం. ఒకటి, పూర్వ విద్యార్థులైన అన్నలు, అక్కలు తలా ఒక బ్యూరెట్టో, పిపెట్టో, స్టాండో ఇచ్చి హాస్టల్‌కు ఒక చిన్న అర ఏర్పాటు చేయాలి. సెలవులకు వచ్చే పీజీ విద్యార్థులం దగ్గరుండి నేర్పుతాం. రెండు, నెలకొకసారి మెస్సు ఉప్పు, బ్లీచింగ్ పౌడర్ పరీక్షించి ఫలితం నోటీసు బోర్డు మీద పెట్టాలి. మూడు, వచ్చే ఏడు ఆటల పోటీలు, వక్తృత్వ పోటీలతో పాటు టైట్రేషన్ పోటీ కూడా పెట్టాలి. అందులో బహుమతి మూడు రీడింగులూ ఒకటే రాసినవారికి కాక, వచ్చిన రీడింగును వచ్చినట్టు రాసినవారికి ఇవ్వాలి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! ల్యాబు తాళం వేసి ఉంటే సారును అడగండి. ఒకసారి కాదంటే రెండోసారి అడగండి. బ్యూరెట్ గాజుది, పగులుతుందని భయపెడతారు. పగిలితే మరొకటి కొనుక్కోవచ్చు. నేర్చుకోవలసిన వయసు దాటిపోతే మాత్రం కొనలేం.