ఆర్యశబ్దము - పికనేమన్యాయము

శబ్దమునకు అర్థము వృద్ధవ్యవహారము వలన తెలియునని శాస్త్రము. పెద్దలు ఏ పదమును ఏ వస్తువునందు వాడుచున్నారో చూచి బాలుడు దాని యర్థమును గ్రహించును. అట్లు గాక ఒక జనసమూహము వాడుకొను పదమును మరియొకరు కొనిపోయి, వాడువారిని అడుగకయే క్రొత్త యర్థము కల్పించి, ఆ యర్థముతో లోకమునెల్ల కొలువ మొదలిడినచో ఏమగునో ఆర్యశబ్దచరిత్ర తెలుపుచున్నది.

ఈ శబ్దమునకు మన గ్రంథములలో గల అర్థము విద్యార్థులకు తెలిసినదే. అమరసింహుడు బ్రహ్మవర్గమున దీనిని కులీన, సభ్య, సజ్జన, సాధుశబ్దములతో చేర్చి పఠించెను. నాటకములలో సూత్రధారుడు నటిని ‘ఆర్యే’ యనియు, భార్య భర్తను ‘ఆర్యపుత్ర’ యనియు పిలుచుట ప్రసిద్ధము. బౌద్ధులు తమ నాలుగు సత్యములకు ఆర్యసత్యములని పేరిడిరి. తెలుగున ‘ఆర్యా’ యని లేఖ నారంభించువాడు ఎదుటివాని కపాలమును కొలిచి వ్రాయుట లేదు.

సర్ విలియం జోన్సు 1786లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ సభలో సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషలు ఏకమూలములై యుండునని ప్రతిపాదించెను. ఇది భాషలను గూర్చిన మాట. ఇందు దోషము లేదు. భాషాబంధుత్వము రక్తబంధుత్వముగ మారిన నాడు దోషము పుట్టినది. ఫ్రాన్సు దేశీయుడగు గోబినో 1853-55 సంవత్సరములలో మానవజాతుల అసమానతను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించి, నాగరికతలన్నియు తెల్లజాతి వలననే, అందును ఆర్యుల వలననే కలిగినవనియు, రక్తసాంకర్యము వలన అవి నశించుచున్నవనియు వాదించెను. సామ్రాజ్యమునకు ఇట్టి వాదము మిక్కిలి అక్కరకు వచ్చినది. పూర్వము వచ్చిన ఆర్యులు ఇచటివారితో కలిసి క్షీణించిరనియు, ఇప్పుడు వచ్చినవారు శుద్ధులు గనుక పాలింప నర్హులనియు చెప్పుకొనుటకు వీలు కలిగెను.

సాయణభాష్యముతో ఋగ్వేదమును 1849 నుండి 1874 వరకు ముద్రించిన మాక్స్ ముల్లరు, తొలుత తానును భాషను జాతిని కలిపి మాటాడినవాడే. అయినను 1888లో ఆయన, ఆర్యశబ్దము భాషకే చెల్లును గాని రక్తమునకు, ఎముకలకు, కేశములకు చెల్లదని స్పష్టముగ ప్రకటించెను. పాలకులు ఆ మాట చెవినిడలేదు. హెర్బర్టు రిస్లీ ముక్కుల వెడల్పును కొలిపించి, ముక్కు వెడల్పు పెరిగినకొలది సాంఘికస్థానము తగ్గునని 1891లో వ్రాసెను. ఆయనయే 1901 జనాభా లెక్కలకు కమీషనరై కులములను హెచ్చుతగ్గుల వరుసలో నిలిపించెను. ఇచట నున్న అసమానతకు సర్కారు పట్టికయు, శాస్త్రమను పేరును లభించినవి.

ఈ గౌరవమున పాలు కోరిన భారతీయులును లేకపోలేదు. ఆంగ్లేయుల రాకను 1877లో కేశవచంద్రసేనుడు విడిపోయిన దాయాదుల పునస్సమాగమముగ వర్ణించెను. ఈ దాయాదిత్వపు విలువ ఎంతయో అమెరికాలో తేలినది. పంజాబు నుండి వెళ్లి, మొదటి ప్రపంచయుద్ధకాలమున ఆ దేశపు సైన్యమున పనిచేసిన భగత్ సింగ్ థింద్ అచట పౌరసత్వము కోరెను. నాటి చట్టము వలసవచ్చినవారిలో తెల్లవారికిని ఆఫ్రికా సంతతివారికిని మాత్రమే ఆ యవకాశము నిచ్చుచుండెను. ఆయన ఉన్నతకులజుడైన ఆర్యుడు గనుక తెల్లవాడే యని న్యాయవాదులు వాదించిరి. అంతటితో నిలువక, నల్లవారితో వియ్యమును అమెరికావాడు ఎట్లు ఏవగించుకొనునో, తమ దేశపు ఆదివాసులతో వియ్యమును ఉన్నతకులపు హిందువు అట్లే ఏవగించుకొనునని కూడ విన్నవించిరి. పైమెట్టు నెక్కుటకు క్రిందివాని భుజము త్రొక్కుట యనగా ఇదియే. 1923లో సుప్రీంకోర్టు ఈ వాదమును త్రోసిపుచ్చెను. తెల్లవాడను పదమునకు సామాన్యజనుల వాడుకయే ప్రమాణమనియు, ఆ వాడుకలో ఇతడు తెల్లవాడు కాడనియు తీర్పు వచ్చినది. అంతకు పూర్వము పౌరసత్వము పొందిన భారతీయులు పలువురు దానిని కోల్పోయిరి. ఇచట ఒక విశేషము గమనింపదగును. తమ పదమునకు తమ లోకవ్యవహారమును ప్రమాణముగ గొన్న లోకమే, మన పదమునకు మన వ్యవహారమును ఏనాడును ప్రమాణముగ గొనలేదు.

మరి పదియేండ్లకు, 1933 ఏప్రిల్ నెలలో, జర్మనీలో ఆర్యులు కానివారిని ప్రభుత్వోద్యోగముల నుండి తొలగించు శాసనము వెలువడెను. ఆ త్రోవ యూదుల సామూహికసంహారము వరకు పోయినది. సభ్యుని పిలుచుటకు పుట్టిన పదము మనుష్యుని మనుష్యుడు కాడనుటకు సాధనమయ్యెను.

ఇట్టి యపచారమునకు మీమాంసాశాస్త్రము పూర్వమే ప్రతిషేధము చెప్పియున్నది. ప్రథమాధ్యాయ తృతీయపాదమున పికనేమాధికరణము కలదు. పిక, నేమ, తామరసాది పదములు ఆర్యులలో అప్రసిద్ధములు, మ్లేచ్ఛులలో ప్రసిద్ధములు. వానికి నిరుక్తవ్యాకరణముల బలముతో అర్థము కల్పింపవలెనా, మ్లేచ్ఛప్రసిద్ధినే గ్రహింపవలెనా యని సంశయము. మ్లేచ్ఛప్రసిద్ధియే గ్రాహ్యమని శబరస్వామి సిద్ధాంతము. కుమారిలభట్టు తంత్రవార్తికమున ఈ సందర్భముననే, ద్రావిడభాషాపదములకు సంస్కృతపదసాదృశ్యమును బట్టి అర్థములు కల్పించువారిని ఆక్షేపించెను. అన్నమను నర్థము గల ‘చోర్’ అను పదమును చోరశబ్దముగ తలచుట అట్టి భ్రమలలో ఒకటి. మ్లేచ్ఛుడను మాటలో అనాదరము లేదని ఎవరును చెప్పలేరు. అయినను వాని పదమునకు వాడే ప్రమాణమని అంగీకరించుట ఆ శాస్త్రకారుల నిజాయితీ. సామ్రాజ్యవాదులకు ఈ నిజాయితీ కరవైనది.

ఇచట ఒక పూర్వపక్షము వచ్చును. ధర్మశాస్త్రములలో ఆర్యశబ్దము త్రైవర్ణికులకు చెల్లి, శూద్రుని వేరుచేయుట లేదా? ఉన్నది, దాచి ప్రయోజనము లేదు. కౌటిల్యుడు బాలుడగు శూద్రుని ఆర్యప్రాణుడని పేర్కొని, వానిని అమ్మిన బంధువునకు పండ్రెండు పణముల దండము విధించినను, మెట్లు మెట్లుగనే యుండెను. అధ్యయనాధికారమును పలువురకు నిరాకరించిన దోషము తెల్లవారిది కాదు, మనది. రిస్లీ పట్టికను నిందించి ఈ దోషము నుండి తప్పించుకొనజూచుట సత్యము కాదు. రిస్లీ చేసినది ఆ మెట్లను ఎముకలలోనికి దింపుట. పూర్వము ఆ మెట్లను కట్టినది మనము.

పూర్వకాలమున జనసమూహములు వలస వచ్చినవా యను ప్రశ్న దీనికి వేరు. 2019లో వెలువడిన ప్రాచీనాస్థుల డి.ఎన్.ఎ. పరిశోధనలు భారతీయులు పలు సమూహముల మిశ్రసంతతి యని తెలుపుచున్నవి. వలసను అంగీకరించినను జాత్యాధిక్యము సిద్ధింపదు. వలసను ఖండించినంత మాత్రమున కులాధిక్యమును సిద్ధింపదు. ఇండో-ఆర్య భాషాకుటుంబమని భాషావిషయమున వ్యవహరించుటలో బాధ లేదు. ద్రావిడశబ్దమునకును ఇదియే న్యాయము. సంస్కృతగ్రంథముల నుండి ఆ పేరును గ్రహించి 1856లో కాల్డ్వెల్ భాషాకుటుంబమునకు పెట్టగా, అదియు తరువాత జాతివాచకమై పోయినది.

ప్రాచ్యకళాశాలలలో నేడు అన్ని కులముల విద్యార్థులును అమరమును చదువుచున్నారు. అధ్యాపకుడు ఏమరుపాటున ‘ఆర్యజాతి’ యని ఉచ్చరించినపుడు, తండ్రితాతలకు పాఠశాల గడప దాటు యోగ్యత నీయబడని బాలుడు ఈ భాష తనది కాదని అనుకొనును. ఆ యొక్క మాటతో గోబినో ఆ తరగతిగదిలో ప్రవేశించినట్లే. పాఠ్యగ్రంథముల నుండి, ప్రశ్నపత్రముల నుండి ఆ సమాసమును తొలగించుట బోధకుల చేతిలోని పని. దానికి ఏ ప్రభుత్వపు టుత్తరువును అక్కరలేదు. బ్రహ్మవర్గము చెప్పు నాడు ఆర్యశబ్దమునకు సాధువని యర్థము చెప్పి, లోకము దానితో చేసిన యపచారమును, మనవారు దానితో చేసిన నిరాకరణమును రెండును చెప్పవలెను. అట్లు వినిన విద్యార్థికి ఆ శబ్దము ఎవని వంశమును గాక, తాను అలవరచుకొనదగిన నడవడిని తెలుపును.