పంట కుంటల్లో గంబూషియా చేపలు: ఒప్పుకునే ముందు రాయలసీమ రైతు వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు

2024 వానాకాలంలో మలేరియా, డెంగీ కట్టడి కోసం మన రాష్ట్రంలోని చెరువులు, కుంటల్లో దాదాపు కోటి గంబూషియా చేపలు వదిలినట్టు పత్రికల్లో వచ్చింది. అప్పటి నుంచి వానలు మొదలైతే చాలు, కర్నూలు, కడప పల్లెల్లో ఈ మాట వినిపిస్తూనే ఉంది. "సార్, దోమల చేపలు మా పంట కుంటలో వదులుతామంటున్నారు, ఒప్పుకోమంటారా?" అని రైతు సేవా కేంద్రాల దగ్గర రైతులు అడుగుతున్నారు. దీనికి అవునని గానీ కాదని గానీ ఒక్కమాటలో చెప్పలేం. ఆ నీరు ఎలాంటిది, ఎక్కడికి పోతుంది అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

గంబూషియా ఎందుకు తెచ్చారు?

దోమకూ మలేరియాకూ ఉన్న సంబంధాన్ని 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాద్‌లోనే కనిపెట్టారు. ఆ తర్వాత దోమ పిల్లలను నీటిలోనే తినేసే జీవుల కోసం ప్రపంచమంతా వెదికింది. అలా అమెరికాకు చెందిన గంబూషియా దేశదేశాలకు చేరింది. మన దేశానికి 1928లో ఇటలీ నుంచి వచ్చింది.

ఇది మూడంగుళాలు మించని చిన్న చేప. నీటి పైభాగంలో తిరుగుతుంది, దోమ పిల్లలు ఉండేదీ అక్కడే. బాగా ఎదిగిన చేప రోజుకు 100 నుంచి 300 దోమ పిల్లలను తింటుందని మలేరియా విభాగం లెక్క. గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. కాబట్టి గుడ్లు పొదగడానికి ప్రత్యేకమైన చోటు అవసరం లేదు. వేడినీ, ఉప్పు నీటినీ, గాలి తక్కువైన నీటినీ తట్టుకుంటుంది. ఆరోగ్య శాఖకు నచ్చిన గుణాలు ఇవే. చిక్కు వచ్చేదీ ఈ గుణాల వల్లే.

దోమ పిల్లలతో ఆగదు

గంబూషియా దోమ పిల్లలను మాత్రమే తినే చేప కాదు. నోటికి పట్టే ప్రతిదాన్నీ తింటుంది. ఇతర చేపల గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు, కప్ప పిల్లలు, నీటి పురుగులు అన్నీ దాని ఆహారమే. తనకంటే పెద్ద చేపల తోకలు, రెక్కలు కొరుకుతుంది. అందుకే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జాతుల జాబితాలో దీన్ని చేర్చింది. మన జాతీయ జీవవైవిధ్య సంస్థ కూడా 2018లో దీన్ని ఆక్రమణ జాతిగా గుర్తించింది. 1925లో దీన్ని దోమల కోసమే తెచ్చుకున్న ఆస్ట్రేలియా ఇప్పుడు చీడ చేపగా చూస్తోంది.

రైతుకు దీనివల్ల వచ్చే నష్టం మూడు రకాలు. మొదటిది, వరి మడుల్లో, కాలువ గట్ల మీద పురుగులను తినే కప్పలు తగ్గుతాయి. రెండోది, చెరువులో బొచ్చె, శీలావతి పిల్లలు వదిలే మత్స్యకార సంఘాలకు పిల్ల దశలోనే దెబ్బ తగులుతుంది. మూడోది డ్రిప్ రైతులకు సంబంధించింది. నీటిలో పాచిని తినే కంటికి కనిపించని చిన్న జీవులను ఈ చేప తినేస్తుంది. అవి పోతే నీరు పచ్చబడుతుంది. అమెరికాలో చేసిన ప్రయోగాల్లో ఇది 1972లోనే తేలింది. చీనీ, అరటి తోటలకు కుంట నీళ్లు డ్రిప్‌లో పంపే రైతుకు పచ్చబడిన నీరంటే ఫిల్టర్లు మాటిమాటికీ మూసుకుపోవడమే.

మన నేల నేర్పిన పాఠం

జీవిని జీవితో అణచడం మనకు కొత్త కాదు. నాగజెముడునే తీసుకోండి. ఒకప్పుడు దక్షిణ భారతంలో బీళ్లనూ పొలాలనూ కమ్మేసిన ఈ ముళ్ల మొక్కను అణచింది మందు కాదు, కోచినీల్ అనే పిండినల్లి లాంటి పురుగు. 1795లో రంగు తయారీ కోసం పొరపాటున తెచ్చిన ఒక రకం పురుగు ఒక జాతి నాగజెముడును నాశనం చేసింది గానీ మరో జాతిని ముట్టలేదు. ఆ రెండో జాతి కోసం 1926లో వేరే రకం కోచినీల్‌ను తీసుకురావాల్సి వచ్చింది. తన మొక్క తప్ప పక్క మొక్కను తాకనంత పట్టింపు ఆ పురుగుది.

దగ్గరి ఉదాహరణ బొప్పాయి పిండినల్లి. 2008లో తమిళనాడులో కనిపించి దక్షిణాది బొప్పాయి, మల్బరీ తోటలను పీల్చేసింది. ఎన్ని మందులు కొట్టినా లొంగలేదు. 2010లో బెంగళూరులోని జాతీయ కీటక పరిశోధన సంస్థ పోర్టోరికో నుంచి పరాన్నజీవి కందిరీగలను తెప్పించింది. వాటిలో ఎసిరోఫేగస్ పపాయే అనే చిన్న కందిరీగ బాగా పనిచేసింది. వదిలే ముందు అది ఇతర జీవులకు హాని చేస్తుందేమో పరీక్షించారు.

గెలిచిన ఈ రెండు జీవుల్లో ఒక పోలిక ఉంది. రెండూ తమ ఆహారం విషయంలో పట్టింపు ఉన్నవి. గంబూషియాకు ఆ పట్టింపు లేదు. కాబట్టి ఏ జీవినైనా మన నీటిలోకి, పొలంలోకి తెచ్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అది ఏమేం తింటుంది? ఎంత వేగంగా పెరుగుతుంది? మనం వదిలిన చోటు నుంచి ఎక్కడెక్కడికి పోగలదు?

డెంగీ దోమ కుంటలో లేదు

ఇంకో విషయం కూడా గమనించాలి. డెంగీని మోసే దోమ చెరువుల్లో, కుంటల్లో గుడ్లు పెట్టదు. ఇంటి దగ్గర సిమెంటు తొట్లు, డ్రమ్ములు, పాత టైర్లు, కూలర్లు, పశువుల తొట్లలో నిలిచిన మంచి నీటిలో పెడుతుంది. మన సీమలో నీటి కొరత వల్ల ప్రతి ఇంట్లో రోజుల తరబడి నీళ్లు నిల్వ చేసుకుంటాం. కాబట్టి చెరువులో ఎన్ని చేపలు వదిలినా డెంగీ ముప్పు ఇంటి ముందు తొట్టిలోనే ఉంటుంది. పల్లెల్లో మలేరియాను మోసే దోమ మాత్రం కాలువలు, నీటి గుంటలు, బావుల్లో పెరుగుతుంది. చేపల ఉపయోగం అక్కడ కొంత ఉంది.

ఏ నీటికి ఏం చేయాలి?

ఇంటి తొట్లు, డ్రమ్ములు: వారానికి ఒకరోజు పూర్తిగా ఖాళీ చేసి, లోపలి గోడలు రుద్ది, ఆరబెట్టి మళ్లీ నింపాలి. గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి రుద్దడం తప్పనిసరి. గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది, కాబట్టి వారం దాటనివ్వకూడదు. ఇందుకోసమే శుక్రవారం డ్రై డే పాటించమంటున్నారు.

వాడకంలో లేని పాత బావులు, బయటికి పోయే దారి లేని సిమెంటు ట్యాంకులు: చేపలు వదలడానికి ఇవే తగిన చోట్లు. ఇక్కడ కూడా స్థానిక జాతులు దొరికితే వాటికే మొదటి చోటు ఇవ్వాలి. ఆప్లోకైలస్ జాతి చిన్న చేపలు మన దేశపువే, నీటి పైభాగంలోనే తిరుగుతూ దోమ పిల్లలను తింటాయి. గోవాలో మలేరియా కట్టడికి వీటిని వాడి చూశారు.

పంట కుంటలు: వేసవికి ఎండిపోయి, అలుగు పారినా వాగులో కలవని కుంటలో గంబూషియా వల్ల ముప్పు తక్కువ. కానీ చేపలు పెంచుకునే కుంటలో, డ్రిప్‌కు వాడే ప్లాస్టిక్ షీటు కుంటలో వద్దనండి. గట్టు వెంట గడ్డి, నాచు తీసేస్తే దోమ పిల్లలకు దాగే చోటు ఉండదు. నీటిలో మొక్కలు ఎక్కువైతే మత్స్యశాఖ సలహాతో కొన్ని గడ్డి చేపలు వదలవచ్చు. అవి నిలవ నీటిలో పిల్లలు పెట్టవు కాబట్టి అదుపు తప్పవు.

చెరువులు, కాలువలు: కేసీ కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరి కడప వరకు వస్తుంది. దాని నీరు కుందూ, పెన్నాల్లో కలుస్తుంది. అందులో పడిన చేపను మళ్లీ వెనక్కి తీయలేం. 1369 నాటి శాసనం ఉన్న పోరుమామిళ్ల చెరువు లాంటి పెద్ద చెరువుల్లో ఇప్పటికే సొంత చేపలున్నాయి. దోమ పిల్లలను తినే పని అవి చేస్తూనే ఉంటాయి. ఇలాంటి నీటిలో గంబూషియా వదలవద్దని గ్రామసభలో చెప్పే హక్కు మీకుంది.

మురుగు గుంటలు: ముందు నీరు నిలవకుండా చూడాలి. కుదరకపోతే ప్రధానంగా దోమ పిల్లల మీద పనిచేసే బీటీఐ బాక్టీరియా మందు కోసం పంచాయతీని అడగండి.

ఇప్పటికే వదిలి ఉంటే

కుంట ఎండే రోజుల్లో అడుగున మిగిలిన నీటిని కూడా పూర్తిగా తోడి, బురద ఆరనివ్వండి. ఎండకు మించిన మందు లేదు. అంతవరకు మోటారు ఫుట్‌వాల్వుకు, అలుగు దగ్గర సన్న కన్ను వల కట్టండి. పెంపకానికి చేపలు వేసేటప్పుడు చిన్న పిల్లలు కాకుండా నాలుగంగుళాలు దాటినవి వేయండి. ఒక కుంటలోని చేపలను బిందెలో పట్టి మరో కుంటకు మార్చే అలవాటు మానుకోవాలి. పరాయి చేపలు ఎక్కువగా ఊరు దాటేది అలాగే.

పురుగుమందు కొట్టిన స్ప్రేయరును కుంటలో కడగవద్దు. సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొంచెమైనా చేపలను చంపేస్తాయి. దోమ పిల్లలను తినే స్థానిక చేపలు, తూనీగ పిల్లలు అలా పోయాకే కుంట దోమలకు ఇల్లవుతుంది.

చేపలు వదలడానికి ఎవరైనా వస్తే కాదని గొడవ పడనక్కర్లేదు. పైన చెప్పిన మూడు ప్రశ్నలు అడగండి, మీ నీరు ఎక్కడికి పోతుందో చూపించండి. సందేహం ఉంటే దగ్గరి మత్స్యశాఖ కార్యాలయంలో గానీ, రైతు సేవా కేంద్రంలో గానీ అడిగాకే ఒప్పుకోండి. జ్వరాల కాలంలో మీ మొదటి పని మాత్రం ఇంటి ముందు తొట్టిని ఆరబెట్టడమే.