కవచం ఇచ్చారు సరే, తాడు సంగతేమిటి?

మన జిల్లాలో 'మోకు జారి గీత కార్మికుడు మృతి' అన్న వార్త చదవని ఇల్లు లేదు. పొద్దున్నే చెట్టెక్కిన మనిషి మళ్లీ ఇంటికి నడిచి వస్తాడో లేదోనన్న బెంగ ప్రతి గౌడన్న ఇంట్లోనూ వుంటుంది. ఈ బెంగ తీర్చడానికే 2024 జూలై 14న పొరుగు రంగారెడ్డి జిల్లా అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి 'కాటమయ్య రక్షణ కవచం' పంపిణీని ప్రారంభించారు. తాడు, నడుము పట్టీ, క్లిప్పులు వంటి వస్తువులున్న సంచీ అది. చెట్టు మీద కాలు జారినా మనిషి కింద పడకుండా ఆపడం దాని ఉద్దేశం. మంచి పని. మెచ్చుకోవలసిందే.

అయితే ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఆ సంచీలోని క్లిప్పులు, కొక్కేలు ఇనుమో అల్యూమినియమో కనుక ఏళ్ల తరబడి వుంటాయి. తాడు అలా వుండదు. రోజూ తాటి చెట్టు గరుకు బెరడుకు రాసుకుని, ఎండకు ఎండి, వానకు తడిసి, అన్నిటికంటె ముందు అరిగేది అదే. అరిగినప్పుడు మన గీత కార్మికుడు ఏం చేస్తాడు? బజారుకు పోయి, బోరు మోటారు దించే తాడో, గడ్డి ట్రాక్టరుకు బిగించే తాడో నాలుగు గజాలు కోయించుకుని వస్తాడు. అసలు ప్రమాదం అక్కడే వుంది.

"ట్రాక్టరును లాగే తాడు మనిషిని మోయదా?" అని అడిగేవాళ్లున్నారు. మోస్తుంది. కాని ఇక్కడ ప్రశ్న తాడు బరువు మోస్తుందా లేదా అన్నది కాదు. ఆ తాడును ఆ క్లిప్పు పట్టుకుంటుందా లేదా అన్నది.

తాడును పట్టి ఆపే పరికరాల లోపల చిన్న పళ్లున్న నాలుక ఒకటి వుంటుంది. మనిషి బరువు పడగానే అది తాడును అదిమి పడుతుంది. ఎంత లావు తాడును పట్టగలదో దాని మీదే మిల్లీమీటర్లలో చెక్కి వుంటుంది. ఉదాహరణకు 8 నుంచి 12 అని వున్నదనుకోండి. అంతకంటె సన్నని తాడు వేస్తే నాలుకకు పట్టు దొరకదు, జారుతుంది. లావు తాడు వేస్తే మూత పూర్తిగా పడదు. పడినట్టు కనిపిస్తుంది, కాని పడదు. బజారులో మనం అర అంగుళం తాడు అడుగుతాం. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. 12 దగ్గర ఆగిపోయే క్లిప్పుకు అది సరిపోదు. కంటికి కనిపించని ఈ తేడా మీద ఒక ప్రాణం వేలాడుతుంది. పైగా నైలాను తాడు నానితే కాస్త కుంచించుకుని లావెక్కుతుంది. కొన్నప్పుడు సరిపోయినది రెండు వానల తర్వాత బిగుతు కావచ్చు.

లావు ఒక్కటే కాదు, అల్లిక కూడా చూడాలి. ఇలాంటి క్లిప్పులు చాలావరకు లోపల నారపోగులు, పైన గట్టిగా అల్లిన తొడుగు వున్న గుండ్రటి తాడు కోసం తయారైనవి. మన బజారు తాడు మూడు పురులు మెలివేసినది. క్లిప్పు పళ్లు ఆ పురుల మధ్య దిగి ఒక్కొక్క పోగునే తెంపుతాయి. సరైన తాడయినా సరే, వదులుగా వుండగా మనిషి ఒక్కసారిగా పడితే పళ్లు పైతొడుగును చీల్చగలవు. అందుకే తాడు ఎప్పుడూ బిగుతుగా వుంచి ఎక్కాలని శిక్షణలో చెప్పాలి.

ఇక దినుసు. నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో చౌకగా దొరికే తాళ్లలో చాలావరకు పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కు. అది ఎండకు పెళుసుబారుతుంది. నున్నగా వుండి ముడి నిలవదు. దాదాపు 160 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. నైలాను కరగాలంటే 200 దాటాలి. తాడు క్లిప్పులోంచి వేగంగా జారితే రాపిడికి ఎంత వేడి పుడుతుందో, బావిలో చేద జారినప్పుడు అరచేయి కాలినవాళ్లందరికీ తెలుసు. ఇంకొక మాట. అరిగిన ముక్క కోసి రెండు కొసలూ ముడివేసే అలవాటు మనకుంది. ముడి పడినచోట తాడు బలం మూడో వంతు తగ్గవచ్చు. అదిగాక ముడి క్లిప్పులోంచి దూరదు. చెట్టు సగంలో క్లిప్పు విప్పి, ముడి దాటించి, మళ్లీ బిగించాలి. ఆ క్షణంలో కవచం లేనట్టే.

మన మోకును తక్కువ చేయడం నా అభిమతం కాదు. తాతలనాటి ఆ మోకు బెరడు రాపిడిని తట్టుకునేలా, చెట్టు లావును బట్టి సర్దుకునేలా తయారైనది. కొత్త పరికరంతో పది చెట్లు ఎక్కేసరికి పొద్దెక్కుతున్నదని అనే గీత కార్మికుల మాటలోనూ న్యాయం వుంది. రోజుకు రెండు పూటలా చెట్లెక్కేవాడికి కాలమే కూలి. కాని మోకుకు ఒక లెక్క, కవచానికి మరొక లెక్క. పాత మోకుకు కొత్త క్లిప్పు తగిలించడం, కొత్త పట్టీకి బజారు తాడు ముడివేయడం రెంటికీ చెడ్డ రేవడి చందం. మోకుతో ఎక్కేవాడు జాగ్రత్తగా ఎక్కుతాడు. కవచం వుందన్న ధీమాతో ఎక్కేవాడు చేతులు వదులుతాడు. తాడు తప్పయితే ఆ ధీమాయే అతని ప్రాణం తీస్తుంది.

చెట్టు తలకాయ దగ్గర మరో గండముంది. తాటి మట్టల అంచులకు రంపపు పళ్లుంటాయి. గీత కత్తి పదును సరేసరి. బరువుతో బిగిసి వున్న నైలాను తాడుకు కత్తి మొన తగిలితే చాలు, తెగుతుంది. ఇతర దేశాల్లో రంపాలతో చెట్లెక్కి పనిచేసేవాళ్లు లోపల ఉక్కు తీగ వున్న నడుము తాడు వాడతారు. ఆ తాడుకూ దానికి తగిన క్లిప్పే వుండాలి, మామూలు క్లిప్పు పనికిరాదు. మన గీత కార్మికులకు అటువంటి తాడు, క్లిప్పు రెండూ కలిపి ఇచ్చే సంగతి అధికారులు పరిశీలించాలి.

ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. ప్రతి కవచం మీద దానికి ఎంత లావు, ఏ రకం తాడు వాడాలో తెలుగులో, చెరగని అక్షరాలతో రాయించాలి. తాడు అరిగినప్పుడు అదే రకం తాడు మండల కేంద్రంలోనో, గీత పారిశ్రామిక సహకార సంఘం వద్దనో దొరికే ఏర్పాటు చేయాలి. సంఘంలో ఒక పుస్తకం పెట్టి ఎవరి తాడు ఎప్పుడు మార్చారో రాసుకోవాలి. ఏటా తాటి కల్లు కాలం మొదలయ్యే ముందు తెలిసినవాళ్ల చేత ఊరూరా తనిఖీ జరిపించాలి. ఎత్తున పనిచేసేవారి నడుము పట్టీలకు మన దేశంలో ఐ.ఎస్. 3521 అనే ప్రమాణం వుంది. కొనే ప్రతి పట్టీకీ ఆ ముద్ర వున్నదో లేదో జిల్లా అధికారులు చూడాలి. మనిషి పోయిన తర్వాత ఎక్స్‌గ్రేషియా ఇవ్వడం కంటె, పోకముందు రెండు బారల తాడు ఇవ్వడం ప్రభుత్వానికి చౌక, ఆ కుటుంబానికి మేలు.

సర్కారు చేసేవరకు చేతులు కట్టుకుని కూర్చోవలసిన పనిలేదు. గౌడన్నలు రోజూ ఎక్కేముందు తాడును కొసనుంచి కొసదాకా వేళ్ల మధ్య నడిపి చూసుకోవాలి. ఎక్కడ మెత్తగా తగిలినా, గట్టిపడినా, తొడుగు చిట్లినా ఆ తాడు పశువులను కట్టడానికే. నేలకు మూరెడు ఎత్తున నిలబడి, మొత్తం బరువు వేసి ఒకసారి ఊగి చూసి అప్పుడే పైకి పోవాలి. ఒకసారి మనిషి పడగా ఆపిన తాడును మళ్లీ వాడరాదు. ట్రాక్టరు బ్యాటరీ పక్కన తాడు పెట్టవద్దు, ఆ ఆమ్లం నైలానును పైకి కనిపించకుండానే తినేస్తుంది. చదువుకున్న పిల్లలు ఇంట్లో వుంటే క్లిప్పు మీది అంకెలు చదివించుకోవాలి.

మన గీత కార్మికుల భాషలో తాడు అంటే చెట్టు కూడా. పోతుతాడు, పండుతాడు అంటూ ఏ తాడు ఏ కాలంలో గీయాలో చూడగానే చెప్పగలిగినవాళ్లు వాళ్లు. చేతిలోని తాడును గురించి కూడా వారికి అంత తెలియజెప్పడం కవచం ఇచ్చినవారి బాధ్యత. వచ్చే కల్లు కాలానికి ముందే జిల్లా యంత్రాంగం ఈ విషయమై శ్రద్ధ వహించగలదని ఆశిద్దాం.