ఉస్మానియా పాతభవనమును నిలుపుకొనవలెను

సాలార్‌జంగు మంత్రిత్వకాలమున 1866లో మూసీతీరమందు వెలసిన అఫ్జల్‌గంజ్ వైద్యశాలను నేడు తలచువారరుదు. మత్తుమందైన క్లోరోఫారము వలన ముందుగ నాగునది గుండెయా, శ్వాసయా యను వివాదమును తేల్చుటకై 1888, 1889 సంవత్సరములలో ఆ వైద్యశాల డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికతో హైదరాబాదున జరిగిన ప్రయోగములు ప్రపంచవైద్యుల దృష్టిని మన నగరమువైపు మరల్చినవి; శ్వాసయే ముందాగునన్న లారీ తీర్పును తరువాతి శాస్త్రము సవరించినను, ఆ జిజ్ఞాస పూజ్యమే.

1908 సెప్టెంబరు 28న మూసీ యుప్పొంగి ఆ వైద్యశాలను కబళించినపుడు, ఆవరణలోని చింతచెట్టు కొమ్మలను పట్టుకొని సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని నిలిచియున్నది.

పిదప దానికి బదులుగ విన్సెంట్ ఎష్ రూపకల్పనలో లేచిన ఉస్మానియా వైద్యశాల భవనమో, 2020 జులై వానలకు వార్డులలో మురుగునీరు చేరుటతో ఖాళీ చేయబడినది. గోషామహలులో 2025లో శంకుస్థాపన జరిగిన క్రొత్త ఆసుపత్రి రోగులకు నిశ్చయముగ నావశ్యకమే. అయినను పాతభవనమును శిథిలమగుదాక విడిచిపెట్టుట క్షంతవ్యము కాదు. గోడల పగుళ్ళలో మొలచిన మొక్కలను వేళ్ళతో సహా పెకలించి, పైకప్పును గచ్చుతో బాగుచేయించి, అందు వైద్యచరిత్ర ప్రదర్శనశాలను నెలకొల్పుటకు ప్రభుత్వము ఈ యేటి బడ్జెటులోనే ధనము కేటాయింపవలెను.